కిరీటమా, సింహాలా: ఒక వెండి ఉంగరంతో మద్రాసుకు

మా కందుకూరు వైపు నుంచి మద్రాసుకు పోయేవాళ్ళు రెండే పనుల మీద పోతారు. ఒకటి ఆసుపత్రి, రెండోది పెళ్ళి చీరలు. నేను ఆ రెండింటికీ పోలేదు. ఒక పాత ఉంగరం వయసు కనుక్కోవడానికి పోయాను. డెబ్బై ఏళ్ళ ముసలిదానికి ఇదేం పని అని ఊళ్ళో అడిగినవాళ్ళకు అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, కావలసినవాళ్ళు చదువుకుంటారు.

ఉంగరం మిలిట్రీ నరసయ్య గారిది. సైన్యంలో పనిచేసి వచ్చినవాడికి మా ఊళ్ళో పేరు ముందు మిలిట్రీ తగులుతుంది, చచ్చినా పోదు. ఆయన పింఛను పుచ్చుకుని ఊరు చేరాక సాయంత్రం పూట తన అరుగు మీద పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పేవాడు. పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. నేను పొగాకు గ్రేడింగుకు పోయేదాన్ని. మా ఆయన పోయి అప్పటికి పదేళ్ళు. నలభై అయిదేళ్ళ వయసులో ఆ అరుగు ఎక్కి పలక పట్టాను. తొమ్మిది మంది ఆడవాళ్ళం మొదలుపెట్టాం, ఆఖరుకు నేను ఒక్కదాన్నే మిగిలాను. చదవడం వచ్చాక కూడా పోవడం మానలేదు. తరవాత ఆయన కళ్ళకు మసక కమ్మింది. పొద్దున్నే పేపరు నేను చదివేదాన్ని, ఆయన వినేవాడు. తప్పు చదివితే కర్రతో అరుగు మీద కొట్టేవాడు. ఇరవై అయిదేళ్ళు ఇట్లాగే గడిచాయి. ఊరు కొన్నాళ్ళు నోరు చేసుకుంది, తరవాత విసుగెత్తి ఊరుకుంది. అక్కడ జరిగింది పేపరు చదవడమే కాబట్టి విసుగెత్తక ఏం చేస్తుంది.

నిరుడు ఆయన పోవడానికి వారం ముందు, దిండు కింద తడిమి ఈ ఉంగరం తీసి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గర ఉంచుకో చెంచమ్మా" అన్నాడు. ఇంకొక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. ఏ విషయానికైనా నోరేసుకుని పడిపోయేదాన్ని, ఆ ఒక్క పూట నోరు పెగలలేదు.

పదకొండో రోజు ఆయన అక్క కొడుకు శ్రీనివాసులు ఒంగోలు నుంచి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్దమ్మా, మామ నీకేదో ఉంగరం ఇచ్చాడంట గదా. మా తాత, అంటే మామకు నాయన, తెల్లోళ్ళ కాలంలో యుద్ధానికి పోయొచ్చినోడు. ఆయనకు పటాలం ఉంగరం ఒకటుండేదని మా అమ్మ చెప్పేది. నేను చూళ్ళా. ఇది అదే అయితే మా ఇంటి సొత్తు, నాకియ్యి. మామ తన సర్వీసులో చేయించుకుందైతే ఆయనిష్టం, నువ్వే పెట్టుకో. నేనడగను."

న్యాయంగానే మాట్లాడాడు. అందుకే తిట్టడానికి వీల్లేకపోయింది. తాతదని తేలితే నా చేతులతో తెచ్చి ఇస్తానని మాట ఇచ్చాను.

కందుకూరులో కంసాలికి చూపించాను. ఉంగరం ముందు బిళ్ళ మీద కింద కొమ్ము బూర లాంటిది ఉంది, దాని పైన మూడు బొడిపెలు. అరిగి అరిగి నున్నబడ్డాయి. "ఆ పైనుండేది కిరీటమైతే తెల్లదొరల కాలంది. మూడు సింహాలైతే స్వరాజ్యం వచ్చినాక చేసింది. నా కంటికి ఆనడం లేదు. మద్రాసు సౌకార్‌పేటలో పాత మెడల్సు కొనేవాళ్ళుంటారు, ఆడ చూపించు" అన్నాడు.

నా కంటికి మాత్రం సింహాలే కనపడేవి. తొమ్మిది నెలలు రోజూ తీసి చూశాను. రోజూ సింహాలే. వేలికి మాత్రం పెట్టుకోలేదు. పెట్టుకుంటే మళ్ళీ తీయబుద్ధి కాదని భయం.

సింగరాయకొండ నుంచి సెంట్రల్ దాకా

రైల్లో నా ఎదురుగా నెల్లూరు మొగుడూ పెళ్ళాలు ఎక్కారు. ఆయన ఒళ్ళో ఎక్సరేల సంచి. కూర్చోవడంతోనే అడిగాడు.

"ఏ ఆసుపత్రికి పోతుండావమ్మా?"

"ఆసుపత్రికి కాదు."

"చీరలకా?"

"ఎవరి పెళ్ళని? ఉంగరం ఒకటి చూపించాల."

ఆయన భార్య నా మోకాలు పట్టుకుంది. "గట్టిగా అనబాకమ్మా! రోజులు బాగలేవు. బంగారం జాకెట్లో పెట్టుకో."

"బంగారం కాదు తల్లీ, వెండి."

"వెండికి ఇంత దూరమా!" అని ఆయన నవ్వాడు. "టిక్కెట్టు డబ్బులతో కొత్తది వచ్చేది గదా."

కొత్తది వస్తుంది, ఎవరు ఇచ్చినట్టు? ఆ మాట ఆయనతో అనలేదు. గూడూరులో నిమ్మకాయలు కొన్నాను, పదికి ఆరు ఇచ్చాడు. మా ఊళ్ళో అయితే నాలుగే. ఆవిడ పెట్టిన పెరుగన్నంలో నిమ్మకాయ ఊరగాయ నంజుకుని తిన్నాం. నాకు తోడుగా తెచ్చుకున్న పప్పుచెక్కలు వాళ్ళిద్దరే అయిపోగొట్టారు. ఆయనకు గుండె జబ్బు, నూనె వస్తువులు తినకూడదట. "ఈ రోజుకి డాక్టరు చూడలేదు గదమ్మా, రేపట్నుంచి మానేస్తా" అన్నాడు.

నేను ఎక్కడికి పోయినా బోర్డులు చదువుతాను. ఎప్పుడూ పైకే చదువుతాను, అది నాకు అరుగు మీద పడ్డ అలవాటు. బస్సులో పోయినా, నడిచి పోయినా కనపడ్డ ప్రతి బోర్డూ గట్టిగా చదవమనేవాడు నరసయ్య గారు. నాయుడుపేట చదివాను, సూళ్ళూరుపేట చదివాను, తడ చదివాను. తడ దాటాక అక్షరాలు మారిపోయాయి. గుండ్రంగా మన అక్షరాల చుట్టాల్లాగే ఉంటాయి, ఒక్కటీ పలకదు. నలభై అయిదేళ్ళ దాకా నేను ఎట్లా ఉన్నానో మళ్ళీ అట్లా అయిపోయాను. కిటికీలో నుంచి ఊళ్ళు పోతున్నాయి, వాటి పేర్లు తెలియడం లేదు. ఆయన పక్కన ఉంటే ఏమనేవాడో తెలుసు. "నేర్చుకో, ఇంకా వయసుంది" అనేవాడు.

పురసవాక్కంలో

సెంట్రల్‌కు మా అక్క కూతురు సుశీల వచ్చింది. పెళ్ళయి మద్రాసు చేరి ముప్పై ఏళ్ళు. పురసవాక్కంలో ఒక బట్టల కొట్లో పనిచేస్తుంది. నా కోసం రెండు రోజులు లీవు పెట్టింది.

"పిన్నమ్మా! ఈడ, ఈడ! ఎంతసేపు నిలబడుకోని ఉండాను తెలుసునా? ఆ సంచి ఇట్టా తా. అయ్యో, ఇంత బరువు ఏం తెచ్చినావు?"

"గోంగూర, కారం, నెయ్యి."

"ఈడ అన్నీ దొరుకుతాయి పిన్నమ్మా."

"దొరుకుతాయిలే. తిన్నాక చెప్పు."

ఆటోవాడు రెండు వందలు అన్నాడు. సుశీల అరవంలో వాడితో పోట్లాడింది. తెలుగులో మెత్తగా ఉండే పిల్ల అరవంలో ఇంత గట్టిదని నాకు తెలియదు. నూట నలభైకి వచ్చాడు.

సుశీల ఇల్లు మేడ మీద రెండు గదులు. కూతురు కాలేజీ చదువుతుంది. నన్ను చూసి "పాట్టి, సాప్టీంగళా?" అంది.

"ఏమంటుందే నీ కూతురు?"

"అవ్వా, అన్నం తిన్నావా అని అడుగుతా ఉండాది."

"ఆ ముక్క తెలుగులో అడిగితే తిన్నది అరగదా?"

పిల్ల పకపకా నవ్వింది. "తెలుగు అంతా అర్థం అవుతుంది పాట్టి. నోరే తిరగదు" అని చక్కగా తెలుగులోనే అంది.

భోజనంలో సాంబారు, రసం, మజ్జిగ. మాకు కారం ముందుంటుంది, వీళ్ళకు పులుపు. గోంగూర డబ్బా మూత తీసేసరికి పక్క వాటా ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది. ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ తెలుగేనట, ఆవిడ ఆంధ్రాలో అడుగుపెట్టింది తిరుపతికి మాత్రమేనట. "మా అవ్వ చేసేది ఇట్టనే" అని అక్కడే నిలబడి వేలితో నాకింది. ఊరు వదిలి నూరేళ్ళు దాటినా నాలుక వదల్లేదు.

టి. నగర్‌లో

మర్నాడు పొద్దున సుశీల నన్ను నేరుగా టి. నగర్ తీసుకుపోయింది. సౌకార్‌పేట అన్నాను. "పెద్ద కడకు పోతే మిషను ఉండాది పిన్నమ్మా, లోపల పెడితే అన్నీ చెప్పేస్తాది" అంది. కడ అంటే కొట్టు. అయిదంతస్తుల నగల కొట్టు. లోపల చలి. మా పొగాకు గోడౌను అంత హాల్లో నేల అద్దంలా మెరుస్తుంటే జారుతుందని చెప్పులు చేత్తో పట్టుకున్నాను. సుశీల సిగ్గుతో చచ్చిపోయింది.

కౌంటరులో పిల్ల ఉంగరాన్ని మిషనులో పెట్టింది. చిన్న తెర మీద అంకెలు వచ్చాయి. వెండి ఎంత, రాగి ఎంత అని చెప్పింది. బరువు చెప్పింది.

"ఎప్పటిదో చెప్పమ్మా" అన్నాను.

సుశీల అరవంలో అడిగి, జవాబు విని నవ్వింది. "వయసు చెప్పే మిషను ఇంకా రాలేదంట పిన్నమ్మా. ఇది ఇచ్చేసి పైన కొంచెం వేస్తే కొత్త పట్టీలు వస్తాయంట."

"పట్టీలు పెట్టుకుని ఎక్కడికి గెంతాలో కూడా అడుగు."

బయటికి వస్తుంటే తలుపు దగ్గర కాపలావాడు ఆపాడు. చేతిలో ఉంగరానికి బిల్లు చూపించమన్నాడు. లోపలికి తెచ్చిందే అని సుశీల ఎంత చెప్పినా వినలేదు. కౌంటరు పిల్ల వచ్చి చెప్పేదాకా నిలబెట్టాడు. నలుగురూ చూస్తున్నారు. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. దానికంటే ముందు ఇంకొకటి తోచింది. నిజమే, నీది అనడానికి నీ దగ్గర ఏముంది చెంచమ్మా, అనిపించింది.

సౌకార్‌పేటలో

సౌకార్‌పేట సందుల్లో మనుషులు ఒకరి భుజం ఒకరు తోసుకుంటూ పోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. మా ఊళ్ళో కొత్త మనిషి కనపడితే ఎవరి తాలూకు అని అడగందే దారి ఇవ్వరు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. మొదట హాయిగా ఉంటుంది, గంట పోయాక ఎవరైనా అడిగితే బాగుండనిపిస్తుంది.

పాత నాణేలు, మెడల్సు కొనే కొట్టు నలుగురిని అడిగితే దొరికింది. మంచం అంత కొట్టు. అందులో ఒక ముసలి సేటు. తాతల నాడు మార్వాడు నుంచి వచ్చారట. నెల్లూరు బేరగాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు వచ్చింది. ఉంగరం తీసుకుని తెల్ల అట్ట మీద పెట్టాడు. పాత పళ్ళ బ్రష్షుతో సుద్దపొడి రుద్దాడు, తుడిచాడు. దీపాన్ని పక్కకు వంచి భూతద్దం నా చేతికి ఇచ్చాడు.

"మీరే చూడండి అమ్మా. ఏం కనపడుతుంది?"

చూశాను. సుద్ద గీతల్లో దిగి తెల్లగా నిలబడింది. రెండు పక్కలా రెండు గుండ్రటి వంపులు, నడుమ చిన్న శిలువ. కింద ముత్యాల వరస.

"కిరీటం" అన్నాను.

"కిరీటమే. వంపులు గుండ్రంగా ఉన్నాయి చూడండి, అది రాజుల కాలం కిరీటం. మనకు రిపబ్లిక్ వచ్చినాక పటాలాల గుర్తుల్లో కిరీటం తీసేసి సింహాలు పెట్టినారు. ఇది దానికి ముందుది. ఏ సంవత్సరం అంటే నేను చెప్పలేను, చెప్తే అబద్ధం. నాకు తెలిసి రెండో యుద్ధం నాటిది. అప్పుడు కంటోన్మెంటు బజార్లలో సిపాయిలు ఇట్టాంటివి చేయించుకునేవాళ్ళు."

నరసయ్య గారు రిపబ్లిక్ వచ్చేనాటికి పలక పట్టుకునే పిల్లవాడు. సేటు ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినపడలేదు. తొమ్మిది నెలలు నేను చూసిన సింహాలు ఒక్క చిటికెడు సుద్దపొడితో పోయాయి.

"అమ్ముతారా?" అన్నాడు.

"అమ్మేది కాదు."

"అమ్మినా మంచి ధర రాదులెండి. వెనకాల అతుకు ఉంది. ఎవరో తరవాత కోసి అతికినారు. ఎప్పటి అతుకో తెలియాలంటే పక్క సందులో కన్నయ్యాచారి ఉంటాడు, మీ తెలుగాయనే."

బయటికి వచ్చాక సుశీల నా మొహం చూసి, ఊరడించడానికి మురుకు శాండ్‌విచ్ అని ఒకటి కొనిపెట్టింది. రెండు మురుకుల నడుమ కీరా, టమాటా, పచ్చడి. మురుకును శాండ్‌విచ్ చేయాలని ఎవరికి తోచిందో గానీ, నా కింది వరసలో కదులుతున్న పన్ను ఒకటి ఆ సందుకు ఇచ్చి వచ్చాను. సుశీల కంగారుపడింది. నాకు నవ్వు వచ్చింది. పొద్దుటి నుంచి పోగొట్టుకున్నవాటిలో నా సొంతం అదొక్కటే.

కన్నయ్యాచారి కుంపటి దగ్గర

ఆచారికి నా వయసే ఉంటుంది. పంచె, కళ్ళద్దాలు, ముందు కుంపటి.

"రామ్మా, కూచో. ఏవూరు మీది? కందుకూరా! మా తాతకు తాత ఆ పక్కనుంచే వచ్చినాడంట. మేం ఇంకా ఇంట్లో తెలుగే. మనవళ్ళే 'ఎన్న తాతా' అంటా ఉంటారు. ఏం తెచ్చినావు?"

ఉంగరం ఇచ్చాను. తిప్పి చూశాడు. గీటురాయి తీసి ముందు వైపు ఒక గీత గీశాడు, వెనక వైపు ఇంకొక గీత. రాయి నా వైపు తిప్పాడు. రెండు గీతలూ ఒకటి కాదు. ఒకటి కాస్త పచ్చగా, ఒకటి తెల్లగా.

"పాత ఉంగరం వెండిలో రాగి జాస్తి. వెనక్కాల వడ్లగింజంత ముక్క వేరే వెండి, మంచి వెండి. సైజు పెంచడానికి కోసి, ఆ ముక్క వేసి అతికినారు. పనితనం బాగుండాది. ఇట్టా సన్నంగా అతికేది ఈ మద్రాసు పనే అనుకో."

"ఎన్నేళ్ళయి ఉంటుంది?"

"ఇరవై ఏండ్లకు తక్కువ కాదు. ముప్పై అన్నా కాదనను. ఇంకోటి చూడు. ముందు బిళ్ళ ఎంత అరిగిపోయిందో, వేలికి పెట్టుకోనీ పెట్టుకోనీ. ఈ అతుకు మాత్రం చేసిన పొద్దు ఎట్టుందో అట్టనే ఉండాది. అతికించినాక దీన్ని ఎవరూ పెట్టుకోలా."

సుశీల అడిగింది. "పెట్టుకోనప్పుడు సైజు ఎందుకు పెంచాల తాతా?"

"అదే కదమ్మా నేనూ అడిగేది. ఎవురి వేలికి?"

నరసయ్య గారి వేళ్ళు సన్నగా ఉండేవి, బలపాల మాదిరి. ఆయనకు సైజు తగ్గించాలి గానీ పెంచే పని లేదు. ఆచారి నా చేతులు చూశాడు. ముప్పై ఏళ్ళు పొగాకు కట్టలు కట్టిన వేళ్ళు, కణుపులు లావెక్కి మగవాడి వేళ్ళలా ఉంటాయి.

"పెట్టుకోని చూడమ్మా" అన్నాడు.

పెట్టుకున్నాను. కణుపు దాటి లోపలికి పోయి, ఉండవలసిన చోట నిలబడింది. వదులు లేదు, బిగువు లేదు.

"నీకు కొలత తీసుకోని చేసినట్టుండాది" అన్నాడు ఆచారి.

తీసుకున్నాడు, నరసయ్య గారు. అప్పుడు గుర్తొచ్చింది. అక్షరాలు మొదలుపెట్టిన మొదటి ఏడు. బలపాలు నా చేతిలో టకటకా విరిగిపోయేవి. ఒక సాయంత్రం ఆయన పేపరు అంచు సన్నగా చించి, నా వేలికి చుట్టి, గోటితో నొక్కి గుర్తు పెట్టి, "ఇదిగో చూడండమ్మా, చెంచమ్మ వేలు ఇంత లావు. బలపం విరక్క ఏం చేస్తుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చి నాలుగు రోజులు అరుగు ఎక్కలేదు. అయిదో రోజు పోతే తాళం వేసి ఉంది. పింఛను కాగితాల పని మీద మద్రాసు పోయాడన్నారు. ఆ కాగితం ముక్క ఏమయిందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఎగతాళి చేశాడనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఒకసారి మొహాన అన్నాను కూడా. "ఆ రోజు నలుగురిలో నా పరువు తీశారు అయ్యోరా" అంటే ఆయన తల వంచుకుని "తప్పే" అన్నాడు. అంతే అన్నాడు.

ఇరవై ఏళ్ళకు పైగా దిండు కింద పెట్టుకుని, రోజూ పేపరు చదివే మనిషికి ఇవ్వలేకపోయాడు. ఏ పొద్దున ఇచ్చినా తీసుకునేదాన్ని. నవ్వితే ఊరు నవ్వేది. విసుగెత్తి అదే ఊరుకునేది.

ఆచారి కొంచెం సేపు కుంపటి కెలికాడు. సుశీలకు అప్పుడు సంగతి అంతా చెప్పాను, శ్రీనివాసులుకు ఇచ్చిన మాట కూడా.

"ఎందుకు పిన్నమ్మా ఇచ్చేది? సింహాలే అని చెప్పేయ్. ఆయన వచ్చి చూస్తాడా?" అంది.

"తాతది. వాళ్ళకు పోవాల."

"మరి నరసయ్య గారు నీకోసం చేయించింది?"

అది సరైన ప్రశ్న. ఆచారి వైపు తిరిగాను. "ఆ వడ్లగింజ ముక్క కోసి తీసి, మిగతాది మళ్ళీ అతకడానికి వస్తుందా?"

"వస్తాది. ముందు ఏ సైజుండాదో ఆ సైజుకు పోతాది." కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ముక్క ఎవురికి?"

"ఉంగరం తాతది, వాళ్ళకు. ముక్క ఈయనది, నాకు."

ఆచారి నవ్వలేదు. చేయి చాచాడు. "సరి, పెట్టిపో. రేపు పొద్దున ఇస్తా."

"రేపు పొద్దున నేనే తెస్తా. ఈ పూటకు నా దగ్గర ఉండనీ."

ఆ సాయంత్రం

బస్సులో పైకమ్మి పట్టుకుని నిలబడ్డాను. సీటు ఇస్తామన్నా కూర్చోలేదు. చెయ్యి పైన ఉంటే ఉంగరం కనపడుతుంది.

పురసవాక్కంలో దిగాక సుశీల కూరగాయలకు పోయింది. నేను ఆమె కూతురుకు పూలు కొందామని బండి దగ్గర ఆగాను. ఇక్కడా పూలు మూర లెక్కనే అమ్ముతారు. ముగ్గురు పూలమ్మేవాళ్ళు ఉంటే చెయ్యి పొడుగ్గా ఉన్న ఆవిడ దగ్గరికి పోయాను. మా ఊళ్ళోనూ ఇట్లాగే చూసుకుంటాం. మూర ముప్పై అంది. ఆవిడ పూలు కొలుస్తూ నా చెయ్యి చూసింది. బోసి నుదురు చూసింది. ఉంగరం చూపించి అరవంలో ఏదో అడిగింది. నాకు రెండు మాటలు తెలిశాయి. వీట్టుకారర్ అంటే ఇంటాయన. పట్టాళం అంటే పటాలం. మీ ఇంటాయన మిలిట్రీనా అని.

నేను అబద్ధం ఆడను. ఆడవలసి వస్తే నోరు మూసుకుంటాను. కాని ఆవిడ ఎదురు చూస్తోంది.

"ఆమా" అన్నాను. అవును అని.

నాకు పలకడానికి వచ్చిన అరవం ఆ ఒక్క మాటే. తెలుగులో అయితే ఆ మాట నా నోట్లో నుంచి వచ్చేది కాదు. ఆవిడ తల ఊపి, కొలిచిన మూర మీద ఇంకో జానెడు వేసింది. సుశీల వచ్చేదాకా ఆ పూలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చీకటి పడకముందు బజారు అది, దారిన పోయేవాళ్ళు పోతున్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇరవై అయిదేళ్ళూ మేమిద్దరం ఇట్లాంటి ఊళ్ళో ఉండవలసింది అనిపించింది.

మళ్ళీ సౌకార్‌పేట, ఒంగోలు

పొద్దున్నే పోయాం. ఆచారి మళ్ళీ ఒకసారి అడిగాడు, కోసేయనా అని. కోయమన్నాను. రంపపు తీగ వెండిని కోస్తుంటే చెవి దగ్గర కీచురాయి అరిచినట్టుంది. ముక్క ఊడి పడింది. చివరలు దగ్గరికి వంచి, వెలిగారం రాసి, ఊదుగొట్టంతో మంట ఊదాడు. చల్లారాక ఆకురాయి పట్టి, నునుపు చేసి ఇచ్చాడు. అతుకు ఎక్కడో చెప్పలేం.

వేలికి పెట్టి చూశాను. కణుపు దగ్గరే ఆగిపోయింది.

"ఆ ముక్క ఈడ పెట్టిపోతే కూలిలో తగ్గిస్తా" అన్నాడు. ఈ కొట్లలో అట్లా అడగడం మామూలే. నా చూపు చూసి "సరి, సరి" అని గులాబి రంగు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. రెండు వందలు తీసుకున్నాడు. తీసుకోకపోతే నాకు నచ్చేది కాదు.

తిరుగు రైలు గురించి రాయడానికి ఏమీ లేదు. తడ దాటాక అక్షరాలు మళ్ళీ పలికాయి. పైకి చదవలేదు.

సింగరాయకొండలో దిగకుండా నేరుగా ఒంగోలు పోయాను. ఇంటికి పోయి ఒక రాత్రి దగ్గర పెట్టుకుంటే మాట మారుస్తానేమో, నన్ను నేను నమ్మలేదు. శ్రీనివాసులు గుమ్మంలోనే ఉన్నాడు.

"కిరీటం, నాయనా. మీ తాతదే" అని చేతిలో పెట్టాను.

నేను ఇంత తేలిగ్గా ఇస్తానని అతను అనుకోలేదు కాబోలు, గబగబా పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "మంచినీళ్ళు తాగు పెద్దమ్మా" అన్నాడు. భార్యను పిలిచాడు. పిల్లలకు చూపించాడు. యుద్ధం గురించి, తాత గురించి వాళ్ళ అమ్మ చెప్పినవన్నీ చెప్పాడు. కళ్ళు తడయ్యాయి. ఆ ఉంగరానికి తగిన ఇల్లే అది. ఆ మాట నేను కాదనను.

తరవాత వేలికి పెట్టుకోబోయాడు. సగం దాకా పోయి ఆగింది. తోశాడు, తిప్పాడు.

"బిగువుగా ఉందే. తాత వేళ్ళు ఎంత సన్నమో! ఫరవాలేదులే పెద్దమ్మా, ఇంత ముక్క వేయించి సైజు పెంచుకుంటా."

నా జాకెట్టులో గులాబి పొట్లం వడ్లగింజంత బరువు కూడా లేదు.

"పెంచుకో నాయనా" అన్నాను. "ముక్క మాత్రం నీ వెండితో వేయించుకో."